వారాంతంలో సరిహద్దు దాటి: సిరోంచకు రెండు రోజులు

శుక్రవారం సాయంత్రం తరగతులు ముగియగానే భుజానికో సంచి తగిలించుకుని, నలుగురైదుగురు స్నేహితులు కలిసి పొరుగు దేశంలోని ఊరొకటి చూసి, ఆదివారం రాత్రికి గదికి చేరుకోవడం ఐరోపాలో చదువుకునే తెలుగు విద్యార్థులకు అలవాటైన పని. జర్మనీలోని ఆఖెన్ నగరం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో భారతీయ విద్యార్థులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ ఊరి నుంచి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌కు మామూలు బస్సు నడుస్తుంది. బెల్జియంలోని లియేజ్‌కు రైలెక్కితే సుమారు గంట. మూడు దేశాల హద్దులు కలిసే గుట్ట ఊరి శివార్లలోనే ఉంది. పొద్దున జర్మనీలో టిఫిను, మధ్యాహ్నం బెల్జియంలో భోజనం, సాయంత్రం నెదర్లాండ్స్‌లో కాఫీ అంటే ఇక్కడి వాళ్లకు గొప్పగా వినిపిస్తుంది. అక్కడ మాత్రం అది విద్యార్థుల జేబుకు అందే ప్రయాణమే.

దాని వెనుక రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి హద్దుల గురించిన ఒప్పందం. 1985 జూన్ 14న బెల్జియం, ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ దేశాల ప్రతినిధులు మొజెల్ నది మీద నిలిపిన ఓడలో కూర్చుని, తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తివేయాలని సంతకాలు చేశారు. ఆ ఓడ నిలిచిన చోటు పక్కనే ఉన్న చిన్న ఊరు షెంగెన్. లక్సెంబర్గ్, జర్మనీ, ఫ్రాన్స్ హద్దులు అక్కడ నదిలోనే కలుస్తాయి. ఒప్పందం 1995 మార్చి 26 నుంచి అమలైంది, ఇప్పుడు 29 దేశాలు అందులో ఉన్నాయి. రెండోది టికెట్టు. 1995లోనే జర్మన్ రైల్వే వారాంతపు టికెట్టు ఒకటి తెచ్చింది. 15 మార్కులకు ఐదుగురు కలిసి దేశమంతటా మామూలు రైళ్లలో తిరగగలిగేవారు. 2019 దాకా అది రకరకాల ధరల్లో నడిచింది. ఒక టికెట్టు మీద ఐదుగురు వెళ్లవచ్చంటే ఐదుగురు దొరక్కపోరు. స్నేహబృందాల వారాంతపు తిరుగుడుకు ఇలాంటి టికెట్లు చేసినంత మేలు పర్యాటక ప్రకటనలేవీ చేసి ఉండవు.

వీసా, యూరోల పని లేకుండా ఇలాగే నది ఒడ్డున మూడు హద్దులు చూసి రాగల చోటు తెలుగువాళ్లకు చేరువలోనే ఉంది. దాని పేరు సిరోంచ.

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన సిరోంచ తాలూకా ఉంది. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి దానికి హద్దులు. ప్రాణహిత, గోదావరుల అవతల తెలంగాణ, ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్. మూడు దిక్కులా నీళ్లు, నాలుగో దిక్కున అహేరి, ఆలాపల్లి అడవులు. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి వెళ్లాలంటే ఆ అడవుల గుండా రెండు వందల కిలోమీటర్లు పోవాలి. కాళేశ్వరం మాత్రం వంతెన దాటితే పది కిలోమీటర్ల లోపే. అందుకే సిరోంచ మనిషి కార్యాలయం పనికి ఉత్తరానికి, ఆసుపత్రికీ అంగడికీ చుట్టరికానికీ దక్షిణానికి నడిచాడు. తాలూకాలో ఎక్కువ మంది మాట్లాడేది తెలుగే.

తెలుగు మాట్లాడే తాలూకా మహారాష్ట్రలో ఎలా ఉండిపోయిందన్నది చాలామందికి వచ్చే మొదటి ప్రశ్న. జవాబు 1860లో ఉంది. ఆ ఏడాది డిసెంబరులో నిజాముకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ ఒక ఒప్పందం కుదిరింది. గోదావరి, వైనగంగల ఎడమ ఒడ్డున నిజాముకు ఉన్న రేకపల్లి, భద్రాచలం, చెర్ల, ఆలుబాక, నూగూరు, సిరోంచ తాలూకాలు బ్రిటిష్ వారికి దక్కాయి. వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. దానికి కేంద్రం సిరోంచ. ఇప్పటి భద్రాచలం వాసి ఆ రోజుల్లో జిల్లా అధికారిని కలవాలంటే సిరోంచకు రావాల్సిందే. 1874లో ఆ జిల్లాను రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు వెళ్లాయి. మిగిలింది చాందా జిల్లాలో కలిసింది. 20వ శతాబ్దం తొలినాళ్లలో చెర్ల, ఆలుబాక, నూగూరు కూడా మద్రాసు వైపు వెళ్లిపోగా సిరోంచ ఒక్కటే మధ్యపరగణాల్లో ఉండిపోయింది. చాందా జిల్లా 1956లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వెళ్లినప్పుడు సిరోంచ కూడా దాని వెంటే వెళ్లింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లా చేసినప్పుడు అందులోకి వచ్చింది. భాషాప్రయుక్త రాష్ట్రాల నాటి గీతగా కనిపించేది నిజానికి అంతకు ఎనభై ఏళ్ల ముందు రెవెన్యూ సౌలభ్యం కోసం గీసిన గీత. ఒకే జిల్లాలోని రెండు తాలూకాల్లో ఒకటి తెలుగు రాష్ట్రానికి, మరొకటి మరాఠీ రాష్ట్రానికి వెళ్లడానికి భాష కారణం కాదు.

సిరోంచను జిల్లా కేంద్రంగా ఎంచుకోవడానికి నదే ముఖ్య కారణం. ఆ కాలంలో నాగపూర్, వార్ధా ప్రాంతాల పత్తిని సముద్రానికి చేర్చడానికి గోదావరిని పడవల దారిగా మార్చాలని ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. ఆయన అనుచరుడైన ఇంజనీరు హేగ్ నదినంతా పరిశీలించి నివేదిక రాశాడు. దారికి అడ్డంగా మూడు చోట్ల రాతి బండల వరుసలు ఉన్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండోది సిరోంచకు దిగువన ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. వాటిని తప్పించడానికి ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టారు. ఈలోపు బొంబాయి నుంచి నాగపూర్‌కు 1867లోనే రైలు వచ్చేసింది. 1871లో నది పనులు ఆపేశారు. పని పూర్తయి ఉంటే సిరోంచ రేవు పట్టణమయ్యేది. రైలు గెలిచింది, ఆ రైలు సిరోంచకు ఇప్పటికీ రాలేదు. తాలూకాలో ఒక్క స్టేషనూ లేదు. గోదావరి మాత్రం చాలాకాలం టేకు దుంగల తెప్పల్ని కిందికి మోస్తూనే ఉంది.

రైలు లేకపోయినా దారి ఇప్పుడు సులువే. హైదరాబాద్ నుంచి వరంగల్, పరకాల, భూపాలపల్లి, మహదేవపూర్ మీదుగా కాళేశ్వరం చేరడానికి మూడు వందల కిలోమీటర్ల లోపు ప్రయాణం. మంచిర్యాల వైపు నుంచి వచ్చేవాళ్లు చెన్నూరు, కోటపల్లి దాటి అర్జునగుట్ట దగ్గర ప్రాణహిత మీది వంతెన ఎక్కుతారు. రైల్లో వచ్చేవాళ్లకు మంచిర్యాల స్టేషనే అనువు. గోదావరి మీద కాళేశ్వరం దగ్గర ఒక వంతెన, ప్రాణహిత మీద అర్జునగుట్ట దగ్గర ఒక వంతెన, ఇంద్రావతి మీద పాతగూడెం దగ్గర మరొకటి వచ్చాయి. ఈ మూడూ ఈ రెండు దశాబ్దాల్లోనే తెరుచుకున్నవి. నిజామాబాద్ నుంచి జగదల్‌పూర్‌కు పోయే 63వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు సిరోంచ మీదుగా మూడు రాష్ట్రాలనూ కలుపుతుంది.

వంతెనలకు ముందు పెళ్లివారైనా, పురిటి మనిషైనా నాటు పడవెక్కాల్సిందే. ఎండాకాలం ఇసుకలో నడక, మోకాటి లోతు నీళ్లలో దాటడం. వానాకాలం ఏరు పొంగితే అవతలి ఒడ్డు కబురు అవతలే. అమ్మాయినిచ్చిన ఇల్లు కళ్లెదుట కనిపిస్తున్నా వారాల తరబడి వెళ్లలేని రోజులవి. ఇప్పుడు అదే దూరం బైకు మీద కొన్ని నిమిషాలు. స్నేహితుల వారాంతపు ప్రయాణం ఇక్కడ సాధ్యమైందంటే ఈ వంతెనల పుణ్యమే.

శనివారం ఉదయం బయల్దేరిన బృందం మధ్యాహ్నానికి కాళేశ్వరం చేరుతుంది. ఇక్కడి గుడి ప్రత్యేకత గర్భాలయంలోనే కనిపిస్తుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తేశ్వరుడు. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలు ఉంటాయి. వాటిలో పోసిన నీళ్లు లోలోపల పారి నదీ సంగమంలో కలుస్తాయని భక్తుల నమ్మకం. స్థలపురాణం కూడా ముచ్చటగా ఉంటుంది. ముక్తేశ్వరుణ్ని చూసిన వాళ్లందరికీ మోక్షం వచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన మొరపెట్టుకుంటే, తన పక్కనే చోటిచ్చి, ముందు నిన్ను కొలిచాకే నన్ను కొలుస్తారని శివుడు వరమిచ్చాడట. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం కలిసి త్రిలింగ క్షేత్రాలని, తెలుగు నేలకు ఆ పేరే హద్దులు చెప్పిందని పెద్దలు అంటారు. ఆ మూడింటిలో ఎక్కువమంది వెళ్లనిది ఇదే.

గుడి నుంచి కాస్త దూరంలో సంగమం. ఒకవైపు నుంచి ప్రాణహిత, మరోవైపు నుంచి గోదావరి. కంటికి కనిపించని సరస్వతి మూడోదని నమ్మకం. 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలు ఇక్కడే జరిగాయి. ఇక్కడ గమనించాల్సిన విషయం పేరు ఒక నదిది, నీళ్లు ఇంకో నదివి కావడం. ఎగువన శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి వంటి కట్టడాలు గోదావరి నీటిని పట్టి ఉంచుతాయి. అందుకే వానలు వెళ్లిపోయాక గోదావరి పాయ సన్నబడి ఇసుక తేలుతుంది. వార్ధా, వైనగంగ, పెనుగంగల నీళ్లు మోసుకొచ్చే ప్రాణహిత మాత్రం నిండుగా కదులుతుంటుంది. గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతు పైగా ప్రాణహితదే. కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ఇక్కడే మొదలు కావడానికీ అదే కారణం.

పొద్దు వాలకముందే వంతెన దాటాలి. వంతెనకు ఆ చివర టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడి బండ్ల నంబర్లు చూస్తే సరిహద్దు ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది. గడ్చిరోలి బండి ఎంహెచ్ 33, భూపాలపల్లి బండి టీఎస్ 25, మంచిర్యాలది టీఎస్ 19, ఇంద్రావతి అవతలి బీజాపూర్‌ది సీజీ 20. తెలంగాణ వాళ్ల కొత్త బండ్ల మీద 2024 నుంచి టీజీ అని ఉంటుంది. దుకాణం బోర్డు మీద దేవనాగరి అక్షరాలు, లోపల బేరం తెలుగులో. తహసీల్ కార్యాలయం కాగితం మరాఠీలో, దాని మీద చర్చ తెలుగులో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే కూలీలను ఎక్కించుకుని దక్షిణానికి పోయే బండ్లు కనిపిస్తాయి. గడ్చిరోలి, బస్తర్ పల్లెల జనం తెలంగాణ మిరప తోటల్లో కాయ ఏరడానికి వెళ్లే కాలమది. ఆ తర్వాత మే నెలలో తునికాకు. ఈ ప్రాంతపు ఏడాది ఈ రెండు పనుల చుట్టూ తిరుగుతుంది.

సిరోంచ చిన్న పట్టణం. కాలినడకన ఒక సాయంత్రంలో చుట్టి రావచ్చు. నది ఒడ్డున బ్రిటిష్ కాలం నాటి విశ్రాంతి గృహం ఉంది. ఎగువ గోదావరి జిల్లాకు డిప్యూటీ కమిషనరుగా పనిచేసిన గ్లాస్‌ఫర్డ్ పేరు ఇప్పటికీ పక్కనున్న గ్లాస్‌ఫర్డ్‌పేటలో నిలిచి ఉంది. 1862లో బస్తర్ గురించి నివేదిక రాసింది ఆయనే. ఐరోపా నుంచి వచ్చి ఈ అడవి అంచున ఏళ్ల తరబడి ఉన్న అధికారి ఆయన. ఆ కాలపు తెల్ల అధికారులకు ఇది దూరాభారపు ఉద్యోగం, చలిజ్వరాల చోటు. ఊళ్లో వలీ హైదర్ షా దర్గా ఉంది. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ వెళ్తారు. తినడానికి పొద్దున విదర్భ వాళ్ల పోహా దొరుకుతుంది, దాని పక్కనే ఇడ్లీ, ఉప్మా కూడా. నది చేపలు దొరికిన రోజున పులుసు. పెద్ద హోటళ్లను ఆశించి వచ్చేవాళ్లకు ఈ ఊరు పనికిరాదు. ఉన్నవి సాదాసీదా బసలే. విశ్రాంతి గృహంలో దిగాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

మిత్రబృందాలకు తప్పకుండా చెప్పాల్సిన విషయం ఒకటి ఉంది. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం అమల్లో ఉంది. ఆదివాసీ స్త్రీలు, స్థానిక కార్యకర్తలు ఏళ్ల తరబడి చేసిన ఉద్యమం వల్ల వచ్చిన చట్టమది. పక్కనున్న చంద్రపూర్‌లో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు గానీ గడ్చిరోలి మాత్రం వదల్లేదు. తెలంగాణ వైపు దుకాణంలో రసీదుతో కొన్న సీసా కూడా వంతెన దాటగానే నేరమవుతుంది. కారు డిక్కీలో ఒకటే ఉందన్న మాట తనిఖీ దగ్గర చెల్లదు. షెంగెన్ దేశాల మధ్య కూడా ఇలాంటి తేడాలున్నాయి. హద్దు దాటడం తేలికైనంత మాత్రాన అవతలి చట్టం మారదు.

కాళేశ్వరం, మేడిగడ్డ బ్యారేజీ చూసి వెనుదిరిగే వాళ్లలో చాలామంది సిరోంచను పెట్రోలు బంకు దాకానే చూస్తారు. రాత్రి వరంగల్‌కో మంచిర్యాలకో వెళ్లిపోతారు. అది తప్పుడు లెక్క. ఈ ప్రాంతంలో చూడాల్సిన వాటిలో సగం నదికి ఉత్తరాన ఉన్నాయి. వాటికి పొద్దున్నే బయల్దేరాలంటే రాత్రి సిరోంచలోనే పడుకోవాలి.

ఆదివారం ఉదయానికి అసలైన సరుకు రాళ్లలో ఉంది. ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భ శాస్త్రజ్ఞులకు పెద్ద పుస్తకం. సిరోంచ దగ్గరి కోట అనే చిన్న పల్లె పేరుతో కోట శిలాశ్రేణి అని ఒక రాతి పొర ప్రపంచమంతటా శాస్త్ర గ్రంథాలకెక్కింది. అది జురాసిక్ కాలం నాటిది. 19వ శతాబ్దంలోనే ఇక్కడి సున్నపురాళ్లలో చేపల శిలాజాలు దొరికి లండన్ దాకా వెళ్లాయి. కలకత్తాలో భారత గణాంక సంస్థను నడిపిన మహలనోబిస్, లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రజ్ఞురాలిని పిలిపించి ఆ సంస్థలో భూగర్భ విభాగాన్ని మొదలుపెట్టించాడు. ఆ బృందాలే ఈ లోయలో వెతికాయి. సిరోంచ ప్రాంతంలో పోచంపల్లి అనే పల్లె దగ్గర పెద్ద పెద్ద ఎముకల కుప్ప బయటపడింది. కనీసం ఆరు జంతువులవి, దాదాపు మూడు వందల ఎముకలు. వాటితో పాటే రాయిగా మారిన చెట్ల మొద్దులు కూడా ఉన్నాయి. ఏదో వరదలో కొట్టుకొచ్చి ఒకేచోట పేరుకుని ఉంటాయని శాస్త్రజ్ఞుల ఊహ.

ఆ జంతువుకు 1975లో బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. పొడవాటి మెడ, పొడవాటి తోక, నాలుగు స్తంభాల్లాంటి కాళ్లున్న శాకాహార డైనోసార్ అది. తవ్వకం మొదలైన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కావడంతో ఆ పేరు చేరింది. ఒక్క జంతువు ఎముకలన్నీ దొరకలేదు. అనేక జంతువుల ఎముకలను పోల్చి, కొలిచి, జతచేసి ఒక అస్థిపంజరం నిలబెట్టారు. పుర్రె దాదాపు దొరకనే లేదు, పళ్లు మాత్రం కొన్ని చిక్కాయి. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలోని గణాంక సంస్థ మ్యూజియంలో ఉంది. ప్రాణహితకు అవతలి ఒడ్డున, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్‌ను హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్లో చూడవచ్చు. నదికి ఇటొకటి అటొకటి పుట్టిన జంతువులు చివరికి ఒకటి కలకత్తాకు, ఒకటి హైదరాబాద్‌కు చేరాయి. దొరికిన చోట మాత్రం ఆ అస్థిపంజరాలు లేవు. సిరోంచ పిల్లవాడు తన ఊరి డైనోసార్‌ను చూడాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా రైల్లో వెళ్లాలి. ఇది సరిదిద్దాల్సిన విషయం. అచ్చు పోసిన నమూనా ఒకటి నిలబెట్టినా చాలు.

చూడదగినది ఇక్కడ బొత్తిగా లేదనడం కూడా సరికాదు. తాలూకాలోనే వడదం దగ్గర మహారాష్ట్ర అటవీశాఖ శిలాజాల పార్కును నిర్వహిస్తోంది. రాయిగా మారిన చెట్ల మొద్దులు అక్కడ నేల మీదే కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే నరికి పడేసిన దుంగలే అనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చెయ్యి వేస్తే చల్లటి రాయి. బెరడు గీతలు, కణుపులు మాత్రం చెక్కు చెదరలేదు. చెట్టు నీటి అడుగున మట్టిలో కూరుకుపోయి, గాలి తగలక కుళ్లకుండా ఉన్నప్పుడు, నీటిలో కరిగిన సిలికా దాని కణాల్లోకి ఇంకి మెల్లమెల్లగా చెక్క స్థానాన్ని ఆక్రమిస్తుంది. కోట్ల ఏళ్ల తర్వాత ఆకారం చెట్టుది, పదార్థం రాయిది. ముక్కలు ఏరి జేబులో వేసుకోవడం చట్టరీత్యా తప్పు.

మధ్యాహ్నం తర్వాత అంకీస, ఆసరెల్లి మీదుగా సోమనూరు వెళ్లవచ్చు. దారి పొడవునా ఊళ్ల పేర్లు తెలుగువే, మాటా తెలుగే. తాలూకా ఆగ్నేయ కొసన సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడ నిలబడితే కాలి కింద మహారాష్ట్ర, ఎడమ వైపు ఏటికి అవతల ఛత్తీస్‌గఢ్, కుడి వైపు తెలంగాణ. షెంగెన్‌లో ఇలాంటి చోటుకు మ్యూజియం కట్టారు. సోమనూరులో ఇసుక తిన్నెలు, గట్టు, చేపల వలలు. లోతు తెలియని చోట నీళ్లలోకి దిగకూడదు. ఇసుక కింద గుంటలుంటాయి, ప్రవాహం పైకి కనిపించినంత మెల్లగా ఉండదు.

ఈ ప్రయాణంలో మేడిగడ్డను ప్రస్తావించక తప్పదు. మహదేవపూర్ మండలం అంబట్‌పల్లి నుంచి అవతల సిరోంచ తాలూకా దాకా గోదావరికి అడ్డంగా 85 గేట్లతో కట్టిన బ్యారేజీ ఇది. పొడవు కిలోమీటరున్నర పైనే. ఎత్తు విషయంలో రెండు రాష్ట్రాల మధ్య 2016 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2019 జూన్ 21న ప్రారంభమైంది. ఆ తర్వాత వానాకాలాల్లో తమ పొలాలు మునుగుతున్నాయని సిరోంచ వైపు రైతులు ఆందోళనలు చేశారు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. అప్పటి నుంచి నీరు నిలపడం లేదు, రాకపోకలపై ఆంక్షలూ ఉన్నాయి. చూడాలనుకునే వాళ్లు స్థానికంగా కనుక్కుని వెళ్లడం మంచిది. కాళేశ్వరం పథకం గురించి రాజకీయంగా ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. అంత నదికి అంత కట్టడం ఎలా ఉంటుందో ఒడ్డున నిలబడి ఒకసారి చూసిన వాడి మాటకు కాస్త బరువు వస్తుంది.

మూడో రోజు చేతిలో ఉన్నవాళ్లు ఉత్తరానికి వెళ్లవచ్చు. ఆలాపల్లి దారిలో కమలాపూర్ దగ్గర అటవీశాఖ ఏనుగుల శిబిరం ఉంది. కొలామార్కలో అడవి గేదెల రక్షిత ప్రాంతం. ఆలాపల్లిలో సహజ టేకు అడవిని అలాగే కాపాడి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇంకా లోపలికి వెళ్తే హేమల్‌కసాలో ప్రకాశ్ ఆమ్టే, మందాకిని ఆమ్టే దంపతులు దశాబ్దాలుగా నడుపుతున్న ఆసుపత్రి, బడి. 2008లో వారికి మెగసెసే పురస్కారం వచ్చింది. వీటిని రెండు రోజుల్లోనే ఇరికించాలనుకుంటే కారు అద్దంలోంచి అడవి చూడటమే మిగులుతుంది.

కాలం విషయంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఏప్రిల్, మే ఎండలు కఠినం. జూలై, ఆగస్టు నెలల్లో నది అందంగానే ఉంటుంది గానీ నమ్మదగినది కాదు. 2022 జూలై వరదల్లో మేడిగడ్డ ఎగువన కన్నెపల్లి పంపుహౌస్ మునిగిపోయింది. దిగువన భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. భద్రత గురించి అడిగేవాళ్లూ ఉంటారు. గడ్చిరోలి దశాబ్దాల పాటు మావోయిస్టు ఘర్షణల జిల్లా. 2025 అక్టోబరులో ఒక అగ్రనేత అరవై మంది సహచరులతో అక్కడే ఆయుధాలు అప్పగించాక పరిస్థితి బాగా మారింది. అయినా చీకటి పడ్డాక అడవి దారుల్లో తిరగకపోవడం, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవడం తెలివైన పని. అడవిలో సెల్‌ఫోను సిగ్నలు చాలాచోట్ల ఉండదు. పటం ముందే దించుకుని పెట్టుకోవాలి. ఐరోపాలో కూడా వారాంతానికి హద్దు దాటే విద్యార్థి నివాస అనుమతి కార్డు జేబులో పెట్టుకోవాల్సిందే. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తాత్కాలిక తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది.

ఖర్చు అంతగా కాదు. ఐదుగురు ఒక కారులో వస్తే పెట్రోలు, బస, తిండి కలిపి తలా వేసుకునే మొత్తం నగరంలో ఒక మంచి విందు ఖర్చుకు మించదు. లోటు ఏర్పాట్లలో ఉంది. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఎవరి ఒడ్డు వాళ్లు చూసుకుంటున్నాయి. కాళేశ్వరంలో నిలబడ్డ మనిషికి వడదం ఎక్కడుందో చెప్పే బోర్డు లేదు. సంగమం, సిరోంచ, శిలాజాల పార్కు, సోమనూరు కలిపి శని, ఆదివారాల్లో ఒక బస్సు నడిపితే విద్యార్థులు తప్పకుండా ఎక్కుతారు. వరంగల్, మంచిర్యాల కళాశాలల భూగర్భ, చరిత్ర విభాగాలు ఏటా ఒక బృందాన్నయినా ఇక్కడికి తీసుకురావాలి.

ప్రాణహిత పుష్కరాలు 2022 ఏప్రిల్‌లో జరిగాయి, మళ్లీ 2034లో. గోదావరి పుష్కరాలు 2027లో. అప్పుడు సిరోంచ రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఊరు చూడాలనుకునే వాళ్లు అంతకు ముందే, ఏదో ఒక చలికాలపు శనివారం వెళ్లి, ఆ రాత్రి సిరోంచలోనే ఉండాలి.